రహదారులు - ప్రజాభిప్రాయం

వినుకొండ పేరులోనే వినడం ఉన్నది. సీతాపహరణ వార్తను శ్రీరామచంద్రుడు ఈ కొండపైననే విన్నాడని, అందువల్ల దీనికి ఈ పేరు వచ్చినదని స్థలపురాణం చెబుతుంది. కొండపై రామలింగేశ్వరుని ఆలయం ఆ కథకు గుర్తుగా నిలిచి ఉన్నది. పురాణం సంగతి అలా ఉంచి, ఈ ఊరి మీదుగా పోయే దారుల విషయంలో ఊరివారి మాటను ఎవరు విన్నారు, ఎప్పుడు విన్నారు అన్నది నేడు మనం ఆలోచించవలసిన ప్రశ్న.

అనంతపురం నుండి గుంటూరు వరకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సాగే 544డి జాతీయ రహదారిపై వినుకొండ ఉన్నది. గుంటూరు వైపు నుండి శ్రీశైలం వెళ్ళే యాత్రికులు ఈ ఊరు దాటి త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా పోతారు. పల్నాటి మిరప గుంటూరు మార్కెట్ యార్డుకు చేరేది ఈ దారినే. గుంటూరు పెద్దాసుపత్రికి తరలించే రోగి ప్రాణం కూడా చాలాసార్లు ఈ దారి మీదనే ఆధారపడి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైన తరువాత ప్రభుత్వ కార్యాలయాల పనిమీద తిరిగేవారు కూడా ఈ బాటనే పట్టారు. ఇన్ని అవసరాలు ఒక్క దారిపై పడినప్పుడు దానిని విస్తరించవలసినదే. వినుకొండ, గుంటూరుల మధ్య ఈ రహదారిని నాలుగు వరుసలుగా మార్చాలన్న ప్రతిపాదనను నేను సమర్థిస్తున్నాను. అయితే ఎలా విస్తరించాలి, ఎవరిని అడిగి విస్తరించాలి అన్న విషయంలో నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి.

ప్రజలను అడగకుండా కట్టినవి కూడా ప్రజలకు మేలు చేశాయి కదా అని వాదించేవారు ఉన్నారు. ఆ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. 1876-78 సంవత్సరాలలో దక్షిణ దేశాన్ని పీడించిన మహాక్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఒకచోట ధాన్యం ఉండి, మరొకచోట జనం ఆకలితో మరణించారు. ధాన్యాన్ని చేరవేసే సాధనం లేకపోవడమే ఇందుకు ఒక ముఖ్య కారణమని గ్రహించిన ఆంగ్ల ప్రభుత్వం బళ్ళారి ప్రాంతాన్ని కృష్ణా తీరంతో కలుపుతూ క్షామనివారణ కొరకు ఒక రైలు మార్గాన్ని నిర్మించింది. నేడు గుంటూరు, గుంతకల్లుల మధ్య వినుకొండ మీదుగా నడిచే రైలు మార్గం ఆనాటిదే. చాలాకాలం మీటరు గేజిగా ఉన్న ఈ మార్గం 1990వ దశకంలో బ్రాడ్ గేజిగా మారింది. మొదటిసారి పట్టాలు పరచినప్పుడు పల్నాటి రైతు అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం పరాయి ప్రభుత్వానికి కనిపించలేదు. మార్గం మంచిదే అయినది. కాని మంచి జరిగినది గనుక అడగకపోవడం కూడా మంచిదే అనడం తర్కానికి నిలువదు. ఆనాడు మనం పాలితులం. నేడు పౌరులం. ఆ భేదం దారుల విషయంలో కూడా కనబడాలి.

నేటి చట్టం పౌరునికి ఏమి ఇచ్చిందో చూద్దాం. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం ఏ భూమి రహదారికి అవసరమో కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఆ ప్రకటన సారాంశాన్ని రెండు స్థానిక పత్రికలలో ప్రచురించాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. ఆ తరువాత ఇరవై ఒక్క రోజులలోగా, ఆ భూమిలో హక్కు లేదా ప్రయోజనం గలవారు తమ అభ్యంతరాన్ని కారణాలతో లిఖితపూర్వకంగా అధికారికి సమర్పించుకోవచ్చు. అధికారి వారిని స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని విని నిర్ణయం చేస్తాడు. ఆయన నిర్ణయమే అంతిమం. నష్టపరిహారం మాటకు వస్తే పరిస్థితి మునుపటికంటే మెరుగుపడింది. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టంలోని పరిహార నిబంధనలు 2015 నుండి జాతీయ రహదారులకు కూడా వర్తిస్తున్నాయి. అయితే అదే చట్టం ఇతర భూసేకరణలకు విధించిన సామాజిక ప్రభావ అంచనా, దానితోపాటు జరుగవలసిన బహిరంగ విచారణ మాత్రం రహదారులకు వర్తించలేదు. అనగా సొమ్ము పెరిగింది గాని మాటకు చోటు పెరగలేదు.

ఈ ఇరవై ఒక్క రోజుల గడువు ఎవరికి ఉపయోగపడుతుంది? పట్టాదారు పాసుపుస్తకం ఉండి, పత్రిక చదివి, సర్వే నంబరు గుర్తించి, దరఖాస్తు రాయగలిగిన వానికి. పల్నాటిలో భూమిని స్వయంగా సాగు చేయక కౌలుకు ఇచ్చే ఆసాములు ఎందరో ఉన్నారు. ఆ కౌలు ఒప్పందాలు చాలావరకు నోటి మాటలే. పొలం దున్నేవాడొకడు, కాగితంపై పేరున్నవాడొకడు. ఇక రోడ్డు వారగా బండిపై పండ్లమ్ముకునే స్త్రీకి, చెట్టు కింద సైకిళ్ళు బాగుచేసే వానికి, ఆ దారి దాటి పాఠశాలకు పోయే బాలునికి ఆ భూమిలో హక్కు ఏమున్నది? కాగితం ప్రకారం ఏమీ లేదు. దారి మారినప్పుడు జీవితం మారేది మాత్రం వారిదే.

గుర్రం జాషువా ఈ వినుకొండలోనే 1895లో జన్మించాడు. ఆయన రచించిన గబ్బిలం కావ్యంలో గుడిలో అడుగుపెట్టే హక్కు లేని పేదవాడు తన మొరను కాశీ విశ్వనాథునికి వినిపించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గర్భగుడిలోకి స్వేచ్ఛగా పోగలిగిన ప్రాణి అదొక్కటే కనుక దానినే దూతగా ఎంచుకున్నాడు. విచారణ జరిగే గదిలోకి ప్రవేశం లేనివాని అభిప్రాయం లోపలికి ఎలా చేరాలి అన్నదే ఆ కావ్యంలోని ప్రశ్న. కలెక్టరు కార్యాలయాలకు గబ్బిలాలు పోతాయో లేదో తెలియదు గాని ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది.

చట్టంలో ప్రజల మాటకు మరొక ద్వారం కూడా ఉన్నది. 2006 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ప్రకారం పెద్ద నిర్మాణాలకు ముందుగా బహిరంగ విచారణ జరపాలి. దానిని కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గాని, ఆయన తరఫున ఉన్నతాధికారి గాని అధ్యక్షత వహిస్తాడు. ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో లభించాలి. ఇక్కడ భూమి ఉన్నవారే మాట్లాడాలన్న నియమం లేదు. ఆ ప్రాంతంలో నివసించే ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. కౌలు రైతుకు, పండ్ల బండి వారికి దొరికే అవకాశం ఇదొక్కటే.

అయితే 2013లో ఈ నిబంధనను సవరించారు. ఉన్న జాతీయ రహదారి విస్తరణ పొడవు వంద కిలోమీటర్లకు మించి, అదనంగా తీసుకునే భూమి వెడల్పు కూడా నిర్ణీత పరిమితిని మించినప్పుడే ఈ అనుమతి ప్రక్రియ వర్తిస్తుందని మార్చారు. దీని ఫలితం ఎలా ఉంటుందో హిమాలయాలలో చూశాం. ఉత్తరాఖండ్‌లో దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్ల చార్‌ధామ్ రహదారి పనిని యాభైకి పైగా చిన్న చిన్న భాగాలుగా విభజించి, ఏ భాగమూ వంద కిలోమీటర్లు దాటకుండా చేపట్టారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. వినుకొండ నుండి గుంటూరు దూరం కూడా వంద కిలోమీటర్ల లోపే. ఈ భాగాన్ని విడిగా ఒక పనిగా తీసుకుంటే బహిరంగ విచారణ జరపవలసిన బాధ్యత ఎవరికీ ఉండదు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. వంద కిలోమీటర్ల రహదారి వారగా ఉండే జనానికి నోరు ఉండి, తొంభై కిలోమీటర్ల రహదారి వారగా ఉండే జనానికి లేకుండా పోవడానికి హేతువు ఏమిటో బోధపడదు.

విచారణ జరిగితే ప్రజలందరూ ఏకకంఠంతో మాట్లాడతారని నేను అనుకోను. బజారు వీధిలోని వ్యాపారి ఊరి బయటి నుండి బైపాస్ వేస్తే బేరాలు పడిపోతాయని భయపడతాడు. అదే వీధిలో కాపురముండే గృహిణి లారీల మోత తగ్గి పిల్లలు క్షేమంగా బడికి పోతారని బైపాస్‌ను కోరుతుంది. బైపాస్ దారిలో పొలం ఉన్న రైతుకు ఆ ఇద్దరి వాదన కన్న తన రెండెకరాలు ముఖ్యం. ఒకే రైతు పొలం పోతున్నదని బాధపడుతూనే మిరప బస్తాలు త్వరగా యార్డుకు చేరాలని కోరుకోవడం కూడా కద్దు. ప్రజాభిప్రాయం అంటే ఒకటే అభిప్రాయం అనుకోవడం పొరపాటు. పరస్పర విరుద్ధమైన ఈ మాటలను ఒకచోట చేర్చి, ఒకరి మాట మరొకరు వినేటట్లు చేయడమే విచారణ వలన కలిగే అసలు ప్రయోజనం.

విస్తరణ ఎందుకు అవసరమో చెప్పడానికి ప్రమాదాల లెక్క చాలు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం మాత్రమే. మరణాలలో మాత్రం మూడవ వంతుకు పైగా వాటిపైనే సంభవించాయి. ఎదురుగా వచ్చే బస్సును తప్పించబోయి లారీ కిందపడే దుర్ఘటనలు రెండు వరుసల రోడ్లపై సర్వసాధారణం. మధ్యలో విభాజకం ఉంటే అవి తగ్గుతాయి. కాని ఆ లెక్కలనే మరికొంత నిదానంగా చదవాలి. ఆ ఏడాది మరణించినవారిలో నూటికి నలభై నలుగురు ద్విచక్ర వాహనాలపై పోయేవారు, పందొమ్మిది మందికి పైగా పాదచారులు. అనగా కార్లకు వేగం పెరిగినంత మాత్రాన ప్రాణాలు దక్కవు. నాలుగు వరుసల దారికి ఇరువైపులా సర్వీసు రోడ్డు లేకపోతే, ప్రతి పల్లె వద్ద కింది నుండి దాటే మార్గం లేకపోతే, గేదెలను తోలుకుపోయే ముసలివాడు విభాజకం ఎక్కి దూకవలసినదే. ఆ అండర్‌పాస్ ఎక్కడ ఉండాలో గుంటూరులో గాని, ఢిల్లీలో గాని పటం ముందు కూర్చున్న ఇంజనీరుకు తెలియదు. ఆయన తప్పు కాదు. చెరువు ఎటున్నది, శ్మశానం ఎటున్నది, పిల్లలు ఏ వేళకు ఏ వైపు నుండి వస్తారు అన్నవి ఆ ఊరివారికే తెలుస్తాయి.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. మహాశివరాత్రికి నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ తిరునాళ్ళకు పరిసర గ్రామాల నుండి ప్రభలు కట్టుకొని పోవడం ఈ ప్రాంతపు ఆచారం. వీటిలో కొన్ని పదుల అడుగుల ఎత్తున ఉంటాయి. అవి సాగిపోయే దారిలో విద్యుత్తు తీగలను కూడా తప్పిస్తారు. పెద్ద వాహనాలు పోయే అండర్‌పాస్‌కు నిబంధనల ప్రకారం అయిదున్నర మీటర్ల ఎత్తు ఉంటే చాలు. ఆ ఎత్తులో ప్రభ పట్టదు. రహదారిని ఎత్తు చేసి కట్టిన చోట ప్రభ ఏ దారిన పోవాలి? నవ్వులాటకు అడుగుతున్న ప్రశ్న కాదిది. ఊరివారిని ముందుగా అడిగితే ఏ చోట దారిని నేలమట్టానికి ఉంచాలో అరగంటలో తేలుతుంది. కట్టిన తరువాత అయితే ఏళ్ళు గడిచినా తేలదు.

ఇంతవరకు వాహనం ఉన్నవారి దారి గురించి, ఆ దారిని దాటేవారి గురించి చెప్పుకున్నాం. సొంత వాహనం లేనివారి మాట ఏమిటి? రోడ్డు ఎంత విశాలమైనా దానిపై బస్సు రాకపోతే వారికి అది ఎండకు కాగే తారు మాత్రమే. ఈ విషయం రహదారి చర్చలలో తరచు మరుగున పడిపోతున్నది. నిజాం సంస్థానంలో 1932లో ఇరవై ఏడు బస్సులతో మొదలైన ప్రభుత్వ బస్సు సేవ 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందింది. తెలుగునాట పల్లె చదువులకు ఈ సంస్థ చేసిన మేలు ఏ విద్యాసంస్థ చేసినదానికీ తీసిపోదు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్త్రీశక్తి పథకాన్ని ప్రారంభించి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించింది. ఇది హర్షించదగినది. కాని టికెట్టు ఉచితమైనంత మాత్రాన ప్రయాణం సులభం కాదు. వచ్చే బస్సు ఉండాలి గదా!

బొల్లాపల్లి, ఈపూరు, నూజెండ్ల, శావల్యాపురం మండలాల పల్లెల నుండి వినుకొండకు వచ్చి చదువుకునే విద్యార్థినిని తలచుకోండి. సాయంత్రం తరగతులు ముగిసిన తరువాత ఊరికి పోయే బస్సు ఉన్నదా, ఉంటే ఏ వేళకు అన్నదానిపై ఆమె చదువు ఆధారపడి ఉంటుంది. ప్రయోగశాల తరగతి అరగంట ఆలస్యమైతే బస్సు తప్పుతుందని భయపడే పిల్ల సైన్సు గ్రూపును వదిలి మరొకటి ఎంచుకుంటుంది. చీకటి పడిన తరువాత కూడలిలో నిలబడవలసి వస్తే తల్లిదండ్రులు మరుసటి సంవత్సరం కళాశాల మానిపిస్తారు. వందల కోట్ల రహదారికి నాలుగు వరుసలు ఉన్నాయా, ఆరు వరుసలు ఉన్నాయా అన్నదానికంటే సాయంకాలపు బస్సు ఒక అరగంట తరువాత బయలుదేరడం ఆమె భవిష్యత్తును ఎక్కువగా మారుస్తుంది. దీనికి భూసేకరణ అక్కరలేదు, కాంట్రాక్టరు అక్కరలేదు. డిపో అధికారి వేళల పట్టికలో ఒక గీత మార్చితే చాలు. అయినా ఇటువంటి చిన్న మార్పు కోసం ఆమెను అడిగే విధానం ఏదీ లేదు. ఏ మార్గంలో బస్సు తిప్పాలన్నది తరచు ఆదాయపు లెక్కలతో తేలుతుంది. చదువు మానేసిన పిల్ల ఆ లెక్కలలో ఎక్కడా కనిపించదు.

రైలు విషయం కొంత వేరు. గుంటూరు - గుంతకల్లు మార్గాన్ని 401 కిలోమీటర్ల పొడవున రెండు వరుసలుగా చేసే పని 2016-17లో మంజూరయింది. వ్యయాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సమానంగా భరించాలని నిర్ణయించారు. నడికుడి నుండి శ్రీకాళహస్తి వరకు తలపెట్టిన కొత్త మార్గం వినుకొండకు చేరువలోని శావల్యాపురం వద్ద ఈ మార్గాన్ని కలుస్తున్నది. వినుకొండ స్టేషన్‌ను అమృత్ భారత్ పథకంలో చేర్చారు. ఇవన్నీ మంచి పనులే. కాని స్టేషన్ ముఖద్వారం ఎంత అందంగా ఉన్నా, ఉదయం పనివేళకు గుంటూరు చేరి సాయంత్రం తిరిగి వచ్చే రైలు అనువుగా లేకపోతే నిత్య ప్రయాణికునికి ఒరిగేది స్వల్పం. రైల్వేలో డివిజన్ స్థాయిలో, జోన్ స్థాయిలో ప్రయాణికుల సంప్రదింపుల సంఘాలు ఉన్నాయి. వాటి సభ్యులు నియమితులే గాని ప్రయాణికులు ఎన్నుకున్నవారు కారు. జనరల్ పెట్టెలో నిలబడి ప్రయాణించేవారికి ఆ సంఘాలలో చోటు దొరకడం అరుదు.

ఇతర దేశాలలో ఈ సమస్యను ఎలా పరిష్కరించుకున్నారో ఒక్క మాట. ఫ్రాన్సులో దక్షిణాదికి అతివేగపు రైలు మార్గం వేయబోయినప్పుడు 1990వ దశకం ప్రారంభంలో ద్రాక్షతోటల రైతులు, గ్రామస్థులు పెద్దయెత్తున ఎదురు తిరిగారు. ఆ అనుభవం తరువాత 1995లో అక్కడి ప్రభుత్వం పెద్ద నిర్మాణాలపై బహిరంగ చర్చకు చట్టం చేసింది. ఆ చర్చ రూపురేఖలు ఖరారు కాకముందే జరుగుతుంది. ఎలా కట్టాలన్న ప్రశ్నతోపాటు అసలు కట్టాలా, వద్దా అన్న ప్రశ్ననూ అక్కడ అడగవచ్చు. చర్చ ముగిసిన తరువాత నిర్ణయం ప్రభుత్వానిదే. అయినా విన్న మాటలకు సమాధానం చెప్పి మరీ ముందుకు పోవాలి. మన పద్ధతిలో పటం సిద్ధమై, సర్వే రాళ్ళు పాతిన తరువాత అభ్యంతరాలు ఉన్నవా అని అడుగుతారు. అప్పటికి ఉన్నా లేకున్నా ఒకటే.

ప్రజల మాట అంటే రాస్తారోకో అని భావించే అలవాటు మనలో బలపడింది. మాట వినేవారు లేనప్పుడు మనిషి దారికి అడ్డంగా కూర్చుంటాడు. అతనిని నేను తప్పు పట్టను. కాని ఆ పద్ధతిలో గొంతు పెద్దదైనవాని అభిప్రాయమే ఊరి అభిప్రాయంగా చలామణి అవుతుంది. కొన్నిసార్లు రహదారి ఎటు వంగుతుందో ముందుగా తెలిసి భూములు కొన్నవారే ప్రజల పేరిట అర్జీలు పెట్టడం కూడా జరుగుతుంది. దీనికి విరుగుడు కాగితం చదవడం. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం పది రూపాయల రుసుముతో కేంద్ర ప్రభుత్వ కార్యాలయం నుండి రహదారి నమూనాను, అండర్‌పాస్‌ల జాబితాను కోరవచ్చు. ముప్పై రోజులలో జవాబు రావాలి. అర్జీ రాయడం, పటం చదవడం, లెక్క సరిచూడడం ఇంటర్మీడియట్ విద్యార్థులకు అసాధ్యమైన పనులు కావు. తమ ఊరివద్ద ఏమి రాబోతున్నదో ఆ పటం చూసి గ్రామసభలో తెలుగులో వివరించగల యువకుడు ఒక్కడు ఉంటే ఇరవై ఒక్క రోజుల గడువుకు అర్థం ఏర్పడుతుంది.

అధికారుల పక్షాన చేయవలసినది కూడా కష్టమైనదేమీ కాదు. సోమవారంనాడు నరసరావుపేట కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు. కూలి మనిషికి అక్కడికి పోయి రావడమంటే ఒక దినపు కూలి, చార్జీలు నష్టపోవడమే. వంద కిలోమీటర్ల నియమం ఏమైనా కానీ, రహదారి పని మొదలు పెట్టకముందు ప్రతి మండల కేంద్రంలో, పొలం పనులు ముగిసిన సాయంకాలం వేళ, బస్టాండు ఆవరణలో పటాన్ని గోడకు తగిలించి జనం మాట వినవచ్చు. అక్కడ రోడ్ల శాఖ అధికారితోపాటు ఆర్టీసీ డిపో మేనేజరు, రైల్వే ప్రతినిధి కూడా కూర్చోవాలి. ఎందుకంటే ప్రయాణికునికి రోడ్డు, బస్సు, రైలు వేరువేరు శాఖలు కావు. ఇంటి నుండి బయలుదేరి ఇంటికి తిరిగి చేరే ఒకే ప్రయాణం. సభను సాయంత్రం ఆరున్నరకు ముగించాలి. ఏడు దాటితే ఆ ఆవరణలోనే ఉన్నా బొల్లాపల్లి వైపు వారికి ఇల్లు చేరడం కష్టం కావచ్చు.